చెక్కకు నూరేళ్లు, స్పాంజికి పదేళ్లు

నిజామాబాద్‌లోనైనా బోధన్‌లోనైనా ఇంట్లో ఉన్న సోఫా వయసెంత అని అడిగితే సంవత్సరం చెప్పరు, పెండ్లి చెబుతారు. "పెద్ద కోడలు వచ్చినప్పటిది" అంటారు, లేదా "చిన్నమ్మాయికి చేయించినప్పుడే మనకూ ఒకటి చేయించినం" అంటారు. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్‌తో పాటు సోఫా కూడా పెండ్లి సామానులో చేరి చాలా ఏండ్లయింది. పుట్టింటివాళ్లు పెట్టిన వస్తువు కదా, కుంగినా చిరిగినా పారేయడానికి మనసొప్పదు. ముందు ఒక కవరు తొడుగుతారు, కొన్నాళ్లకు దాని మీద ఒక దుప్పటి కప్పుతారు. ఇంతకీ సోఫా ఎన్నాళ్లు ఉండాలి? ఎప్పుడు మార్చాలి?

జవాబు దాని పుట్టుకలోనే దొరుకుతుంది. సోఫా ఒక్క రోజున, ఒక్క చోట పుట్టింది కాదు. అందులోని చెక్క ఒక కాలానిది, స్ప్రింగు మరో కాలానిది. స్పాంజి మొన్నటిది, పైన మెరిసే నకిలీ తోలు నిన్నటిది. వీటిలో ముందు పుట్టిందే ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆఖరున వచ్చిందే అందరికంటే ముందు పోతుంది.

సోఫాకు మూలం అరబ్బుల ఇండ్లలో గోడ వెంబడి కట్టిన అరుగు. దాని మీద తివాచీ పరిచి దిండ్లు వేసేవారు. పేరు కూడా అక్కడిదే. 17వ శతాబ్దంలో అది యూరప్ చేరింది. అక్కడ అరుగుకు కాళ్లు వచ్చాయి, వీపుకు ఆసరా, చేతులకు ఆనుడు వచ్చాయి. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో నోల్ అనే పాత భవనంలో ఆ శతాబ్దపు సోఫా ఒకటి ఇప్పటికీ ఉంది. దాని ఎర్ర మఖ్మల్ వెలిసి, చీకిపోయింది. చట్రం మాత్రం నిలబడే ఉంది.

మన వైపు కూర్చోవడమంటే ఎక్కువగా నేల మీదే. చాప, జంపఖానా, పీట, వాకిట్లో అరుగు, చెట్టు కింద గడంచె. ఎవరు దేని మీద కూర్చోవాలన్నది సౌకర్యాన్ని బట్టి కాదు, కులాన్నీ హోదానూ బట్టి. దొర వీధిలో పోతుంటే గడంచె మీదున్నవాడు దిగి నిలబడాల్సిన రోజులవి. కాబట్టి మెత్తని ఆసనం ముందుగా నవాబుల మహళ్లలోకి, 19వ శతాబ్దం మొదట్లో కట్టిన కోఠీ రెసిడెన్సీ లాంటి తెల్లదొరల భవనాల్లోకి వచ్చింది. గడీలూ ఆఫీసర్ల బంగళాలూ ఆ తర్వాత. మామూలు ఇంటి ముందుగదిలోకి రావడానికి మాత్రం చాలా ఆలస్యమైంది.

మహళ్లలోని సామాను చూస్తే చెక్క సత్తా ఏమిటో తెలుస్తుంది. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి హైదరాబాద్‌లో కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల ఉంది. దశాబ్దాల పాటు మూతపడి ఉన్న ఆ మహలును నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో బాగుచేయించి, తాజ్ సంస్థ 2010లో హోటల్‌గా తెరిచింది. పాత ఫర్నిచర్‌ను పారేయలేదు, మరమ్మతు చేయించి మళ్లీ వాడకంలో పెట్టారు. నూరేండ్లు దాటిన చట్రాల మీద ఇవాళ అతిథులు కూర్చుంటున్నారు.

అంత పెద్ద ఇల్లు లేకపోయినా నిజామాబాద్ వాసులకు దగ్గర్లోనే ఒక భాగ్యం ఉంది. గోదావరి దాటితే నిర్మల్, ఆదిలాబాద్ అడవులు. అక్కడి టేకుకు పేరు పాతది. చేవదేరిన టేకులో సహజంగా ఉండే రసాయనాలు, నూనెల వల్ల చెదలు దాన్ని అంత సులువుగా ముట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగానికి ఆ రక్షణ లేదు. ఒక కర్ర చివరను చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన బెజ్జంలో బిగించి వడ్రంగి చేసిన టేకు సోఫా మనవల దాకా నిలిచిందంటే అందులో వింత లేదు.

ఈ ప్రాంతంలో కుర్చీలు, సోఫాలు చేయించుకునే స్తోమత పెరగడానికి రెండు కారణాలు చెప్పుకోవచ్చు. ఒకటి నీళ్లు: మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్. రెండోది ఆ నీళ్లతో పండిన చెరుకు కోసం 1937లో బోధన్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటని అప్పట్లో పేరు. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. క్వార్టర్లు, నెలజీతాలు, పల్లెల్లో చెరుకు బిల్లులు వచ్చాయి. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఈలోగా దుబాయ్, సౌదీ సంపాదనలు మొదలయ్యాయి. సోఫా పుట్టిన నేల మీద కష్టం చేసి పంపిన డబ్బుతో ఇక్కడి కొత్త ఇండ్లలో మూల తిరిగే పెద్ద సోఫాలు వచ్చాయి.

చెక్క తర్వాత వయసులో పెద్దది స్ప్రింగు. 1828లో లండన్‌కు చెందిన శామ్యూల్ ప్రాట్ ఆసనాల్లో వాడే చుట్టల స్ప్రింగుకు పేటెంట్ తీసుకున్నాడు. కింద నవారు పట్టీలు, వాటి మీద తాళ్లతో కట్టిన స్ప్రింగులు, పైన గోనెగుడ్డ, దానిపైన గుర్రపు వెంట్రుకలు. ఇదీ పాత పద్ధతి. మన దేశంలో వెంట్రుకల స్థానంలో కొబ్బరి పీచు, దూది వాడారు. పీచుకు రబ్బరు పాలు పట్టించి పరుపులు చేసే కర్లాన్ సంస్థ 1962లో కర్ణాటకలో మొదలైంది. ఇటలీలో టైర్ల కంపెనీ పిరెల్లీ రబ్బరు పట్టీలు తయారుచేసి స్ప్రింగుకు పోటీ తెచ్చింది. ఇప్పుడు మన షాపుల్లో 'ఎలాస్టిక్ బెల్టు' అనేది ఆ వంశానిదే. మంచి ఉక్కు స్ప్రింగు రెండు దశాబ్దాలు నిలవగలదు. నాసి బెల్టు కొన్నేండ్లకే సాగిపోతుంది.

ఇక స్పాంజి. 1929లో ఇంగ్లండ్‌లో డన్‌లప్ కంపెనీ రబ్బరు పాలను గిలకొట్టి నురగను గట్టిపరిచింది. ఆ పేరు మన ఇండ్లలో పరుపుకే పేరైపోయింది. బోధన్‌లో ఫ్యాక్టరీ పెట్టిన 1937లోనే జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలియురేథేన్ కనిపెట్టింది. అందులో బుడగలు రావడం తొలుత లోపంగానే కనిపించింది. తర్వాత ఆ బుడగలే సరుకయ్యాయి. 1950ల్లో మెత్తటి ఫోమ్ మార్కెట్లోకి వచ్చింది.

స్పాంజి ఆయుష్షు దాని డెన్సిటీని బట్టి ఉంటుంది. షాపువాళ్లు '32', '40' అనేది ఘనపు మీటరుకు ఎన్ని కిలోల బరువు అన్న లెక్క. తక్కువ డెన్సిటీ ఫోమ్‌లో గాలి ఎక్కువ, సరుకు తక్కువ. రోజూ కూర్చునే చోట బుడగల గోడలు విరిగి నాలుగేండ్లు తిరక్కుండానే గుంత పడుతుంది. మంచిదైతే ఎనిమిది, పదేండ్లు వస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే నిజామాబాద్ ఎండ, ఆ వెంటనే వచ్చే వానాకాలపు తేమ రెండూ దానికి శత్రువులే.

అందరికంటే అల్పాయుష్షు నకిలీ తోలుది. రెగ్జిన్ మొదట ఇంగ్లండ్‌లో ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. తర్వాత గుడ్డకు ప్లాస్టిక్ పూసిన ప్రతిదాన్నీ మనం రెగ్జిన్ అనేశాం. పాత రెగ్జిన్ ఎండకు బిరుసెక్కి పగులుతుంది. ఇప్పటి మెత్తటి లెదరెట్ మీది పాలియురేథేన్ పూత గాలిలోని తేమకే విడిపోయి పొలుసులుగా రాలుతుంది. ముందు రాలేది తల ఆనే చోట. మన తలల నూనె, మెడ చెమట అక్కడ రోజూ దిగుతుంటాయి మరి. గట్టి నేత గుడ్డకు ఈ బాధ లేదు.

సోఫా లోపలి సంగతి రిపేరు చేసేవాళ్లు దాన్ని తిరగేసినప్పుడు బయటపడుతుంది. అడుగున కొట్టిన నల్లగుడ్డ పిన్నులు ఒక్కొక్కటీ పీకగానే ఇసుకలాంటి పసుపు పొడి రాలుతుంది. అది చెడిపోయిన స్పాంజి. దాని వెనుక సాగిన బెల్టులు, చిల్లర పైసలు, పిల్లల పెన్సిళ్లు. బెల్టులు మార్చి, స్పాంజిని కొలతకు కోసి, సొల్యూషన్ రాసి అంటిస్తారు. తర్వాత కుట్టు మిషన్ మీద అంచు కుట్టిన కొత్త గుడ్డను లాగి పిన్నులు కొడతారు. కానీ చట్రం టేకుదో, ఇంకేదైనా గట్టి కర్రదో అయితేనే ఆ ఖర్చు దక్కుతుంది. చౌక సోఫాల్లో పలచని ప్లైవుడ్, పొట్టును జిగురుతో అదిమిన బోర్డు ఉంటాయి. చెరుకు పిప్పితోనూ బోర్డులు చేస్తారు. ఇలాంటి బోర్డు ఏదైనా నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. ఒకసారి మేకు వదిలితే అదే చోట మళ్లీ పట్టు దొరకదు.

సోఫాను మార్చాలా, బాగుచేయించాలా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముందు వైపు ఒక కాలును ఆరంగుళాలు ఎత్తండి. రెండో ముందు కాలు కూడా దానితో పాటే లేవాలి. లేవకపోతే చట్రం మెలి తిరుగుతోందన్నమాట. కాళ్ల దగ్గర మట్టిగీతలు, పొడి కనిపిస్తే చెదలు ఎంతవరకు పోయాయో చూడండి. చట్రం బాగుండి స్పాంజి, బెల్టు, గుడ్డ మాత్రమే పాడైతే బాగుచేయించండి. చట్రమే వదులైతే కొత్త గుడ్డకు డబ్బు పెట్టకండి. కొత్తది కొనేటప్పుడు రంగు కంటే ముందు మూడు అడగండి: చట్రం ఏ కర్ర, స్పాంజి ఎంత డెన్సిటీ, అడుగున స్ప్రింగా బెల్టా. డెన్సిటీని బిల్లు మీద రాయించుకోండి. ఇంటికి తెచ్చాక పడమటి కిటికీ ఎండకు దూరంగా, గోడకు అంటకుండా వేయండి. విడి కుషన్లయితే నెలకోసారి తిరగేయండి.

పాతదాన్ని వదిలించుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది: దాన్ని కాల్చకూడదు. 1979లో మాంచెస్టర్‌లోని వూల్‌వర్త్స్ దుకాణంలో ఫర్నిచర్ విభాగంలో మంటలు లేచి పదిమంది చనిపోయారు. పాలియురేథేన్ ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సైనైడ్ కూడా వెలువడుతుంది. అలాంటి ప్రమాదాల తర్వాత బ్రిటన్ 1988లో ఇంటి ఫర్నిచర్‌కు కఠినమైన అగ్ని భద్రతా నిబంధనలు తెచ్చింది. మన ఊళ్లలో పాత సోఫా కుషన్లను ఖాళీ ప్లాట్లలో చెత్తతో కలిపి తగలబెడుతుంటారు. ఆ పని చేయకండి. చెక్కను వడ్రంగికి, స్ప్రింగులనూ మేకులనూ పాత ఇనుప సామాన్లవాళ్లకు ఇవ్వండి. స్పాంజిని విడిగా మున్సిపాలిటీ చెత్త బండికి అప్పగించండి.