వియన్నా పురపాలక గృహాలు

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో నగరపాలక సంస్థ కట్టించి, అమ్మకుండా తన చేతిలోనే ఉంచుకుని అద్దెకిచ్చే ఇళ్లు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి అక్కడ ఇళ్ల కరువు తీవ్రం. పడుకునే మంచాన్ని సైతం పూటల లెక్కన అద్దెకిచ్చి బతికిన కుటుంబాలుండేవి. 1919లో నగర పాలన చేపట్టిన సోషల్ డెమోక్రాట్లు 1923లో గృహనిర్మాణ పన్ను విధించారు. దాని రూపకర్త హ్యూగో బ్రైట్నర్ చిన్న ఇళ్లపై నామమాత్రంగా, విలాస భవనాలపై భారీగా వేశాడు. పథకానికి ప్రాణం పోసింది ఈ పన్నే. 1934 నాటికి 60 వేలకు పైగా ఇళ్లు లేచాయి. వాటిలో కార్ల్ ఏన్ రూపొందించిన కార్ల్ మార్క్స్ హోఫ్ (1930) అనే గృహసముదాయం పొడవు కిలోమీటరు పైమాటే. అందులో 1,382 ఇళ్లతోపాటు బట్టలుతికే శాలలు, స్నానశాలలు, పిల్లల బడులు, గ్రంథాలయం కూడా కట్టారు. 1934 ఫిబ్రవరి అంతర్యుద్ధంలో సైన్యం దీనిపై ఫిరంగులు పేల్చింది. నేడు నగరపాలక సంస్థ చేతిలో సుమారు 2,20,000 ఇళ్లున్నాయి. నిలువ నీడలేనివారికి ముందు ఇల్లు, ఆ తరువాతే మిగతా సాయం అనే పద్ధతినీ 2012 నుంచి పాటిస్తున్నారు.