రైతుని అడిగే చట్టం ఎప్పుడొచ్చింది?

మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ ఒడ్డునే. పర్యావరణ ప్రభావ అంచనా చట్టప్రకారం తప్పనిసరి అయ్యింది 1994లో. ప్రజాభిప్రాయ సేకరణ 1997లో. అంటే బూడిద ఎటు పోతుందో మన పెద్దలకి ముందే చెప్పాలన్న రూలు అప్పటికి లేదు.

రూలు వచ్చాక? శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు కోసం బీల భూముల్ని పనికిరానివన్నారు. వరి పండే, చేపలు దొరికే చిత్తడి నేలలవి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు అప్పీలు అథారిటీ అనుమతి రద్దు చేసింది.

రేపు మన కాలవ పక్కన ఫ్యాక్టరీ అంటే, సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రిపోర్టు సారాంశం తెలుగులోనూ ఉండాలి. చదవండి. మీ చేను, మీ కాలవ అందులో లేకపోతే సభలో లేచి చెప్పండి, మినిట్స్‌లో రాయించండి.