గూర్మాండ్: తిండి మాట సెంటు సీసాలోకి

తీయటి పళ్లు, వనిల్లా, కారమెల్ వాసనలు కలిసిన సెంట్లను ‘గూర్మాండ్’ అంటారు. ఫ్రెంచివాళ్లు చివరి ‘డ్’ పలకరు, ‘గూర్మాఁ’ అంటారు. అర్థం భోజనప్రియుడు, కటువుగా చెప్తే తిండిపోతు. దీన్నుంచి పుట్టిన ‘గూర్మాండీజ్’ క్రైస్తవం చెప్పే ఏడు మహాపాపాల్లో ఒకదానికి ఫ్రెంచి పేరు. మన జిహ్వచాపల్యానికి దగ్గరి మాటే. ఒక పాపం పేరు పరిమళం దాకా చేరుకున్న ఈ ప్రయాణం నాకెంతో ఇష్టం.

సెంట్ల లోకంలో ఈ మాట స్థిరపడటానికి ముఖ్య కారణం 1992లో ఫ్రాన్స్‌లో ఫ్యాషన్ డిజైనర్ తియెరీ మ్యూగ్లేర్ పేరుతో వచ్చిన ‘ఏంజెల్’ సెంటు. దాని రూపకర్త ఒలివియే క్రెస్ప్ ఇథైల్ మాల్టాల్ అనే రసాయనాన్ని ధారాళంగా వాడారు. పీచుమిఠాయి వాసన దానిదే. ఆ తీపి మొహం మొత్తకుండా పచౌలీ ఆకు నూనె కలిపారు. ఆ మట్టివాసనే లేకపోతే అది వట్టి మిఠాయి కొట్టు.

ఒంటిమీద ముందుగా పళ్ల వాసన ఎగిరిపోతుంది. తేలిగ్గా ఆవిరయ్యే గుణం దానిది. వనిల్లా, పచౌలీ గంటల తరబడి నిలుస్తాయి, బట్టల మీదైతే మర్నాటికీ. వేడికి తీపి ఇంకా విజృంభిస్తుంది. మన ఎండాకాలంలో ఒక్కసారి చల్లుకుంటే చాలు. రెండోసారి ముచ్చట శీతాకాలానికి ఉంచుకోండి.