రోలీ పోలీ వలస కథ

అమెరికాలో పెరిగే మన పిల్లలకి అక్షరాలకన్నా ముందే పరిచయమయ్యే జీవి ఒకటుంది. పూలకుండీ ఎత్తితే కింద ఉంటుంది. ముట్టుకుంటే బఠాణీ గింజలా ఉండచుట్టుకుంటుంది. పిల్లలు దాన్ని రోలీ పోలీ అంటారు. మనం పురుగంటాం. నిజానికి అది పురుగు కాదు. పద్నాలుగు కాళ్ళతో, రొయ్యకీ పీతకీ వేలువిడిచిన చుట్టం. వీటి పూర్వీకులు సముద్రం వదిలి నేల మీదికి వచ్చి పది కోట్ల ఏళ్ళు దాటింది. అయినా నీటి అలవాటు పోలేదు. తల్లి గుడ్లను పొట్ట కింద నీళ్ళ సంచిలో మోస్తుంది.

ఇంతకీ ఇది అమెరికా జీవి కాదు, ఐరోపా నుంచి వచ్చింది. ఫ్రాన్సుకి చెందిన లత్రెయ్ 1804లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఉండచుట్టుకోలేని దాని దాయాదికి 1758లోనే లిన్నేయస్ ‘ఓనిస్కస్ అసెలస్’ అని పేరు పెట్టాడు. మొదటి మాటకి గ్రీకులో గాడిదపిల్ల అని అర్థం, రెండోదానికి లాటిన్‌లోనూ అదే! పాపం, చేసిన నేరం బూడిదరంగులో ఉండటమే కాబోలు.

పాతకాలపు ఇంగ్లండు వైద్యులు వీటిని మందుగా మింగించేవారు. విన్సెంట్ హోల్ట్ అనే ఆయన 1885లో వీటితో సాస్ చేసే పద్ధతి రాసి, రొయ్యల సాస్‌కి ఏమాత్రం తీసిపోదన్నాడు. మన రొయ్యల వేపుడు ఆయన రుచి చూసి ఉండడు.

మొక్కల వేళ్ళకి అంటిన మట్టిలోనూ, ఓడల అడుగున బరువుకి నింపిన మట్టీరాళ్ళలోనూ ఇవి అట్లాంటిక్ దాటాయి. ఎల్లిస్ ఐలండ్ చిట్టాల్లో వీటి పేర్లుండవు. 1905లో హేరియట్ రిచర్డ్‌సన్ ఉత్తర అమెరికా జాతులన్నిటి మీదా పెద్ద గ్రంథం ప్రచురించేనాటికే ఇవి ఇక్కడ స్థిరపడిపోయాయి. రాలిన ఆకుల్ని తిని మట్టి చేస్తాయి, మంచిదే. కాన్సాస్‌లో సోయా మొలకల్నీ కొరికేస్తాయి. వలస వచ్చాయి కదా అని వీటిని వెనకేసుకురావాలని నాకూ ఉంటుంది కాని, ఆ రైతు ఒప్పుకోడు.

అప్పుడు తెలియక మోశాం, ఇప్పుడు తెలిసే మోస్తున్నాం. కప్పల గాజుపెట్టెల్లో బూజు తినడానికి వేసిన ఈ జీవులే ఇవాళ పెంపుడు జంతువులయ్యాయి. థాయిలాండ్ సున్నపురాయి గుహల్లో పుట్టిన, బాతు ముఖంలాంటి పసుపు ముఖం ఉన్న రకాన్ని పెద్ద ధర పెట్టి కొంటున్నారు. చిన్న గుహలో బతికే జాతిని అడవి నుంచి పట్టి అమ్మడం నాకు నచ్చదు. కొన్నవాళ్ళు విసుగొచ్చి పెరట్లో వదిలేస్తే అది ఇంకా ప్రమాదం.

పిల్లలు పెంచుతామంటే మీ పెరట్లోవే చాలు. డబ్బాలో మట్టి, ఎండుటాకులు, కాస్త కోడిగుడ్డు పెంకు పొడి వెయ్యండి. ఒక పక్క తడిగా, రెండో పక్క పొడిగా ఉంచండి. కుబుసం విడిచేటప్పుడు ముందు వెనక సగం విడుస్తుంది, ఒకటి రెండు రోజులాగి ముందు సగం. ఆ మధ్యలో సగం తెల్లగా, సగం నల్లగా కనిపిస్తే జబ్బు చేసిందని పారెయ్యకండి.