మందు ముందు, కొలత వెనక

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌తో చికిత్స మొదలైన మనిషి చేతికొచ్చే చీటీలో మందు పేరు ఒక్క వరుసే ఉంటుంది. దాని కింద మూడు నెలలకో ఆరు నెలలకో చేయించుకోవలసిన పరీక్షలుంటాయి: రక్తంలో టెస్టోస్టిరాన్ స్థాయి, హెమటోక్రిట్, ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ, రక్తపోటు. మందు మీద ఉన్నంత శ్రద్ధ ఈ పరీక్షల మీద చాలామందికి ఉండదు. సత్తువ వచ్చింది, మనసు తేలికపడింది, ఇంకా ల్యాబు చుట్టూ తిరగడం దేనికనుకుంటారు. ఈ మందు పుట్టుక నుంచీ చూస్తే తేలేది వేరు. మందు దొరికిన నాటికి దాన్ని రక్తంలో కొలిచే దారి లేదు, దాని కీడును ముందే పసిగట్టే గుర్తులూ లేవు. అవి ఒక్కొక్కటే దశాబ్దాల తేడాతో వచ్చి చేరాయి. కొన్ని కీడు జరిగాక వచ్చాయి, కొన్ని జరుగుతుందన్న భయంతో వచ్చాయి. అవి చేరిన తర్వాతే దీన్ని ధైర్యంగా చికిత్స అనగలుగుతున్నాం.

1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ పుంజు పిల్లల వృషణాలు తీసేసి చూశాడు. వాటికి నెత్తిమీద ఎర్రటి తురాయి ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాడే గుణమూ రాలేదు. వృషణాన్ని తిరిగి కడుపులో అతికిస్తే అన్నీ వచ్చాయి. పాత నరాల సంబంధం తెగిపోయినా పని జరిగిందంటే, రక్తంలో కలిసే పదార్థం ఏదో ఉందన్నమాట. నలభై ఏళ్ల తర్వాత, 1889 జూన్ 1న, పారిస్‌లో 72 ఏళ్ల శరీరశాస్త్రవేత్త బ్రౌన్ సెకార్డ్ తోటి శాస్త్రవేత్తల ముందు నిలబడి, కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నానని చెప్పాడు. ముంజేతి బలం పెరిగిందని, మూత్రధార మునుపటికంటే దూరం పడుతోందని కొలిచి మరీ చెప్పాడు. అయితే వృషణాలు టెస్టోస్టిరాన్‌ను తయారుచేస్తాయే గాని నిల్వ పెట్టుకోవు. పైగా అది నీళ్లలో సరిగా కరగదు. ఆ రసంలో పనిచేసేంత మందు లేనట్టే. ఆయన అబద్ధమాడాడని నేననుకోను. నిజంగానే ఒంట్లో బాగుందనిపించి ఉంటుంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఇదే: ఈ మందు విషయంలో ‘బాగున్నాను’ అన్న మాట ఒక్కటే దేనికీ రుజువు కాదు.

అసలు పదార్థాన్ని పట్టుకోవడానికి మరో నలభై ఏళ్లు పైనే పట్టింది. 1927లో చికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోక్, లెమ్యుయెల్ మెగీ సుమారు 20 కిలోల ఎద్దు వృషణాల నుంచి 20 మిల్లీగ్రాముల సారం తీశారు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లకూర్ బృందం సుమారు 100 కిలోల నుంచి 10 మిల్లీగ్రాముల శుద్ధమైన స్ఫటికాలు తీసి టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది అడాల్ఫ్ బుటెనాంట్, లియోపోల్డ్ రుజిచ్కా వేర్వేరుగా దాన్ని కొలెస్టరాల్ నుంచి తయారుచేసే దారి కనిపెట్టారు. 1939 నోబెల్ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఇక కొరత తీరింది. కానీ మాత్రగా మింగితే కాలేయం దాన్ని దాదాపు అంతా విరిచేస్తుంది. కాలేయాన్ని తట్టుకునేలా అణువును కొద్దిగా మార్చి మిథైల్ టెస్టోస్టిరాన్ మాత్రలు తెస్తే అవి ఆ కాలేయాన్నే దెబ్బతీసి కొందరికి కామెర్లు తెప్పించాయి. సూదిమందు, చర్మం కింద పెట్టే గుళిక, తర్వాత పట్టీ, జెల్ అన్నీ కాలేయాన్ని తప్పించుకోవడానికి వెతికిన అడ్డదారులే.

పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన మైకేల్ డిల్లన్ 1939లో ఇంగ్లండ్‌లో టెస్టోస్టిరాన్ మాత్రలు మొదలుపెట్టాడు. ట్రాన్స్ పురుషుల్లో ఈ దారిన నడిచిన తొలివాళ్లలో ఒకడు. తర్వాత డాక్టరయ్యాడు, మన దేశానికి వచ్చి బౌద్ధం స్వీకరించి 1962లో డల్హౌసీలో కన్నుమూశాడు. ఆయన మాత్రలు మింగిన రోజుల్లో రక్తంలో మందు ఎంత చేరిందో మామూలుగా చూసే పరీక్ష లేదు. గొంతు మారిందా, గడ్డం వచ్చిందా అన్నవే కొలతలు. 1950ల చివర్లో న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ను కొలవడానికి కనిపెట్టిన రేడియోఇమ్యునోఎస్సే పద్ధతి ఆ తర్వాత టెస్టోస్టిరాన్‌కూ పనికొచ్చింది. అప్పుడు గాని అర్థం కాలేదు, రెండు వారాలకోసారి వేసే సూది చేస్తున్న పనేమిటో. మొదటి రెండు మూడు రోజులు స్థాయి మామూలు హద్దు దాటి పైకి లేస్తుంది, మళ్లీ సూది వేసే నాటికి అడుగంటుతుంది. కోపం, నీరసం, నిద్రపట్టకపోవడం కొందరిలో ఈ ఎగుడుదిగుళ్ల వెంటే వస్తాయి. అలాంటివారికి మోతాదు తగ్గించి తరచుగా వేయడమో, జెల్‌కు మారడమో పనిచేస్తుంది. రక్తం ఏ రోజు తీశారన్నది రాయని రిపోర్టుకు అర్థం లేకపోవడానికీ కారణం ఇదే. రెండు సూదులకు నడుమ తీస్తేనే ఆ అంకెతో డాక్టరు ఏమైనా చేయగలరు.

అన్నిటికంటే తరచుగా కనిపించే చిక్కు రక్తం చిక్కబడటం. టెస్టోస్టిరాన్ హెప్సిడిన్‌ను తగ్గిస్తుంది, ఎరిత్రోపొయెటిన్‌ను పెంచుతుంది. మొదటిది తగ్గడం వల్ల ఇనుము దొరుకుతుంది, రెండోది పెరగడం వల్ల ఎముక మజ్జ ఎర్రకణాలను ఎక్కువగా తయారుచేస్తుంది. ఒకప్పుడు ఇదే వరం. 1989లో ఎరిత్రోపొయెటిన్ మందుగా రాకముందు, మూత్రపిండాలు చెడి రక్తం తగ్గిన రోగులకు ఈ జాతి హార్మోన్లనే ఇచ్చేవారు. ఒక రోగికి ప్రాణం పోసిన గుణమే రక్తం సరిపడా ఉన్న మనిషిలో గండమవుతుంది. సన్నటి గొట్టంలో రక్తం పోసి తిప్పితే ఎర్రకణాలు అడుక్కు దిగి గట్టిగా పేరుకుంటాయి. గొట్టంలోని రక్తంలో ఆ ఎర్రభాగం ఎంత శాతమో అదే హెమటోక్రిట్. 54 దాటితే మందు ఆపి, దిగాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జెల్‌తో కంటే సూదితో ఇది ఎక్కువ. పొగతాగడం, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఈ అంకెను పెంచుతాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి. ఇందుకు పెద్దాసుపత్రి అక్కర్లేదు. మన చిన్న పట్టణాల ల్యాబుల్లో చేసే మామూలు రక్తపరీక్షలోనే ఈ అంకె ఉంటుంది.

ఈ పరీక్షలన్నిటికీ ఒక గట్టి అభ్యంతరం ఉంది: డాక్టర్లు ఇదివరకు భయపడ్డవి ఒక్కటీ నిలబడలేదు కదా! 1941లో చార్లెస్ హగ్గిన్స్ వృషణాలు తీసేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని చూపాడు. దాంతో హార్మోన్ ఇస్తే క్యాన్సర్ వస్తుందన్న భయం దశాబ్దాలపాటు పాతుకుపోయింది. హార్వర్డ్ యూరాలజిస్టు ఏబ్రహాం మోర్గెంటేలర్ ఆ పాత ఆధారాలను తిరగేసి, అవి ఎంత పలచనివో చూపించాడు. గుండె సంగతీ అంతే. 2010లో 65 ఏళ్లు పైబడిన 209 మందిపై చేస్తున్న ప్రయోగంలో మందు తీసుకున్న 23 మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్న ఐదుగురికి గుండె, రక్తనాళాల ఇబ్బందులు రావడంతో దాన్ని మధ్యలో ఆపేశారు. 2023లో వెలువడిన ట్రావర్స్ ప్రయోగంలో, గుండెజబ్బు ఉన్నవారు, వచ్చే ముప్పు ఎక్కువున్నవారు 5,200 మందికి పైగా పాల్గొంటే, పెద్ద గుండె ప్రమాదాలు మందు తీసుకున్నవారిలో 7.0 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 7.3 శాతం. తేడా లేదు. నిజమే. కానీ ట్రావర్స్‌లో జెల్ మోతాదును ఇష్టానికి వదిలేయలేదు. టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 350, 750 నానోగ్రాముల మధ్య ఉండేలా, హెమటోక్రిట్ 54 దాటకుండా రక్తం చూస్తూ సర్దుతూ పోయారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఉన్నవారిని ముందే పక్కన పెట్టారు. కాబట్టి అక్కడ రుజువైన భద్రత పరీక్షలతో కలిపి ఇచ్చిన చికిత్సది. అంత జాగ్రత్తలోనూ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, మూత్రపిండాల దెబ్బ మందు తీసుకున్నవారిలోనే ఎక్కువ కనిపించాయి. జిమ్ములో స్నేహితుడి మాట మీద సూది వేయించుకునే కుర్రాడికి ట్రావర్స్ ఏ భరోసా ఇవ్వదు.

ఆ కుర్రాడికి మరో దెబ్బ ఉంది. బయటి నుంచి హార్మోన్ రాగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. ఈ గుణం ఎంత గట్టిదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల సూదిని మగవారి గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. పిల్లలు కావాలనుకునేవారికి ఈ మందు మొదలుపెట్టకూడదని చెప్పడం అందుకే. ఆపితే చాలామందిలో కణాలు తిరిగి వస్తాయి గాని నెలలు పడుతుంది.

చీటీలో వరుసలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. టెస్టోస్టిరాన్ ఎముక సాంద్రతను పెంచుతుందని తెలుసు కాబట్టి ట్రావర్స్‌లో ఎముకలు విరగడం తగ్గుతుందనుకున్నారు. 2024లో ఆ లెక్క వస్తే, మందు తీసుకున్నవారికే ఎక్కువ విరిగాయి. కారణం ఇంకా తేలలేదు. 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండెపోటు హెచ్చరిక మాటలు మార్చి, ఈ మందులన్నిటి మీదా రక్తపోటు పెరుగుతుందన్న హెచ్చరిక ఉండాలని చెప్పింది.