వస్తువు, పేరు, హక్కు: గణిత అభ్యసన వనరుల చరిత్ర

లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది పడే విద్యార్థుల కోసం అభ్యసన వనరులు ఎలా రూపొందాయో ఈ భాగంలో తెలుసుకుంటారు. ఈ చరిత్రలోని క్రమాన్ని గమనించండి. మొదట బోధనోపకరణాలు వచ్చాయి. తరువాత ఆ ఇబ్బందికి ఒక పేరు వచ్చింది. చట్టబద్ధమైన హక్కు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

ఉపకరణాలు

19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వర్డ్ సెగ్విన్, చదువు రాదని సమాజం వదిలేసిన మేధోవైకల్యం గల పిల్లలకు ఇంద్రియాల ద్వారా నేర్పే పద్ధతులను రూపొందించారు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి ఆయన రచనలను అధ్యయనం చేసి, రోమ్‌లో అటువంటి పిల్లలతో పనిచేశారు. 1907లో అదే నగరంలోని శాన్ లొరెంజో పేదల పేటలో బాలల పాఠశాల ప్రారంభించి, ఆ అనుభవాన్ని ఇతర పిల్లలకూ వర్తింపజేశారు. ఆమె పద్ధతిలో ఒకటి అంటే ఒక పూస, పది అంటే పది పూసల కడ్డీ, వంద అంటే పది కడ్డీల చదరం, వెయ్యి అంటే పది చదరాల ఘనం. స్థానవిలువ ఇక్కడ చేతికి తగులుతుంది. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజెనేర్ రంగు కడ్డీలను రూపొందించి, వాటిపై 1952లో పుస్తకం ప్రచురించారు. ఈ కడ్డీలు 1 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. 8, 5 కడ్డీలను వరుసగా పేర్చి, వాటి పక్కన 10, 3 కడ్డీలను పెట్టండి. రెండు వరుసలూ సమానం. పదమూడులో ఒక పది, మూడు ఒకట్లు ఉన్నాయని కంటికే తెలుస్తుంది.

పేరు

స్వీడన్ నాడీవైద్యుడు సాలొమన్ హెన్షెన్, మెదడు దెబ్బతిని లెక్కించే శక్తి కోల్పోయే స్థితిని అకాల్క్యులియా అన్నారు. సాధారణ తెలివితేటలు ఉండి కూడా చిన్నతనం నుంచే సంఖ్యలతో ఇబ్బంది పడే పిల్లల గురించి చెకోస్లొవేకియా మనస్తత్వవేత్త లాడిస్లావ్ కోష్చ్ 1974లో వ్యాసం రాశారు. ఆ స్థితినే వికాసపరమైన డిస్కాల్క్యులియా అంటారు. 'మొద్దు' అనే ముద్ర ఎందుకు తప్పో చెప్పడానికి ఈ పేరు ఆధారమయింది.

హక్కు

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. వాటిలో అభ్యసన వైకల్యం లేదు. 2016 చట్టం ఈ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద డిస్కాల్క్యులియాను పేరుతో సహా చేర్చింది. పిల్లల్లో వీటిని త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలనీ, పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సహాయం వంటి మార్పులు చేయాలనీ నిర్దేశించింది.

అయితే అదనపు సమయం పరీక్ష రోజుకే ఉపయోగపడుతుంది. పది అంటే ఏమిటో అర్థం కాని విద్యార్థికి మరో గంట ఇచ్చినా అది అర్థం కాదు. దానికి పూసలో, కడ్డీలో, చీపురు పుల్లల కట్టలో నేర్చుకునే రోజునే చేతికి అందాలి. రేపు మీరు ఉపాధ్యాయులైనా, తల్లిదండ్రులైనా హక్కును వనరుగా మార్చే ఈ పని మీ ముందుంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పూసల పద్ధతి స్థానవిలువను ఎలా బోధిస్తుంది?
2. 1995, 2016 చట్టాల మధ్య భేదం తెలపండి.