పొలిమేర నీరు, సామాన్యుని ప్రశ్నలు

బళ్లారి తెలుగువారి చరిత్ర వ్రాయబూనిన వారెల్లరును ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ గార్లను ముందుగ దలచుట పరిపాటి. అది న్యాయమే. వారు నాటకరంగమునకు చేసిన సేవ తెలుగుదేశమంతయు ఎఱిగినది. కాని యీ సీమలో మన పెద్దలు సాయంకాలము అరుగులమీద గూర్చుండి చర్చించినవి నాటకములు మాత్రమే కావు. కాలువ తిన్నగ బోక యేల వంకరలు తిరుగును? సున్నముతో గట్టిన గోడ నీటిలో నేల కరగకున్నది? అంత బరువుగల ఇనుప తలుపును ఎట్లు ఎత్తుచున్నారు? ఇట్టి ప్రశ్నలును వారి నోట వినబడుచుండెడివి. ఇంజనీర్లు కానివారి ప్రశ్నలని వానిని త్రోసివేయరాదు. వానిలో కొన్ని మన కూటికే సంబంధించినవని చూపుటకు మేమీ వ్యాసమున యత్నించుచున్నాము.

నీటిపనుల గుణదోషములను తరచి చూచుట మనకు క్రొత్త గాదు. 1369వ సంవత్సరమున మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి పాలించుచు, నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్లలో అనంతరాజసాగరమను చెరువును గట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును పనిచేసినట్లు అచ్చటి సంస్కృత శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు వలయు సాధనములు పండ్రెండును, తగులరాని దోషములాఱును ఆ శాసనమున పేర్కొనబడినవి. కట్టనుండి నీరు కాఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ మెట్టగ నుండుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట, పొలము కొంచెమై నీరు విస్తారమగుట అనునవియే యా దోషములు. ఆఱువందల యేబది యేండ్లనాటి యీ పట్టికను చేతబట్టుకొని హొసపేట దగ్గఱ తుంగభద్ర ఆనకట్ట ముందు నిలిచిన యెడల, సామాన్యుని ప్రశ్నలు దాదాపుగ అన్నియు అందే కానవచ్చును.

ముందుగ ఆనకట్ట కథను క్లుప్తముగ చెప్పుకొందము. తుంగభద్ర నీటిని ఈ మెట్టసీమకు మళ్లింపవచ్చునని 1860లోనే సర్ ఆర్థర్ కాటన్ సూచించెను. 1876-78 నాటి క్షామము బళ్లారి జిల్లాను దహించివేసెను. అయినను, నదికి ఒక గట్టు మద్రాసు ప్రభుత్వమునకును, రెండవ గట్టు నైజాము ప్రభుత్వమునకును చెందినది కావున ఒడంబడిక కుదురుటకు 1944 వఱకు వేచియుండవలసి వచ్చెను. 1945 ఫిబ్రవరి 28వ తేదీన ఒక గట్టున మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్, రెండవ గట్టున బీరారు యువరాజు శంకుస్థాపన చేసిరి. రెండు ప్రభుత్వములును చెరిసగము కట్టినవి. సుమారు 90 గ్రామములు మునిగినవి. 1953లో నీరు కాలువల కెక్కెను. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మొదలగు తక్కిన తాలూకాలు మైసూరునకును పోయెను. నీటి పనియు, జిల్లా విభజనయు ఒకే యేట జరిగినవని మన కుటుంబములు మఱువజాలవు.

ఇక దోషములలో మొదటిది కట్ట కాఱుట. ఈ ఆనకట్టను రాతితో గట్టి, సున్నమును సుర్కీని కలిపిన గారతో రాళ్లను పొదివిరి. సుర్కీ యనగా కాల్చిన మట్టిపొడి, ఇటుకపొడి. మన పాత మిద్దెల గచ్చులో పడినదియు నదియే. గోడకు పూసిన వట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడును. మఱి గాలి సోకని దళసరి కట్టడము నడుమ, అందును నీటి ఒత్తిడిలో, అది యెట్లు గట్టిపడును? సమాధానము ఇటుకపొడిలో నున్నది. కాల్చిన మట్టిలోని సిలికా, అల్యూమినా అను ద్రవ్యములు నీటి సమక్షమున సున్నముతో గలిసి కరగని క్రొత్త పదార్థముగ మాఱును. దానికి గాలితో పని లేదు. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో సాధించినది యిదియే. 1750ల దశకములో ఇంగ్లండున జాన్ స్మీటన్ సముద్రములోని ఎడ్డిస్టన్ దీపస్తంభమును గట్టుటకు వెదకి వెదకి, మట్టి కలిసిన సున్నపురాయి నీటిలో గట్టిపడునని కనుగొనెను. మన గచ్చు పనివారు అదే ఫలితమును ఇటుకబట్టీ నుండి పొందుచుండిరి. సుర్కీ గార నెమ్మదిగ గట్టిపడును. సిమెంటు వలె త్వరగా వేడెక్కదు. దళసరి కట్టడములకు ఆ నిదానమే మేలు, ఏలయన లోపల వేడెక్కి పైన చల్లబడినచో పగుళ్లు పుట్టును.

రెండవది చవుడు. నీరు పాఱిన పొలము పచ్చబడవలెను గదా, కొన్నేండ్లకు తెల్లబడుట యేమని రైతులడుగుదురు. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకిపోదు. మురుగు పోవు దారి లేనిచోట అడుగుననున్న నీటిమట్టము ఏటేట పైకి వచ్చును. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పైకి లాగినట్లు, మట్టిలోని సన్నని రంధ్రములు ఆ నీటిని పైకి లాగును. ఎండకు నీరు ఆవిరియై, దానిలోని ఉప్పు నేలమీద మిగులును. కాలువకు తూములు పెట్టుట ఎంత ముఖ్యమో మురుగు కాలువలు త్రవ్వుటయు అంత ముఖ్యమని తుంగభద్ర ఆయకట్టు నేర్పిన పాఠము.

చెరువు నడుమ మెట్టగ నుండుట మఱియొక దోషము. మన జలాశయమునకు ఈ దోషము పుట్టుకతో రాలేదు, పూడికతో వచ్చినది. మొదట దానిలో 133 టి.ఎం.సి.ల నీరు పట్టునని లెక్కించిరి. ఒక టి.ఎం.సి. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. 2016 నాటి కొలత ప్రకారము పట్టునది 105.788 మాత్రమే. అనగా 27 టి.ఎం.సి.లకు పైగా మట్టి చేరినది. దానిని త్రవ్వి యెత్తిపోయరాదా యని అడుగని వారు లేరు. మంచి ప్రశ్నయే, లెక్క వేసి చూతము. 27 టి.ఎం.సి.లు సుమారు 76 కోట్ల ఘనపు మీటర్లు. లారీకి పది ఘనపు మీటర్ల చొప్పున, దినమునకు వేయి లారీలు ఒక్కనాడైనను మానక తోలినను రెండువందల యేండ్లు దాటును. ఆ మట్టిని పోయు చోటు వేఱు ప్రశ్న. ఈ లెక్కకు కళాశాల చదువక్కఱలేదు, పలకయు బలపమును చాలును. కొండవాలుల మట్టి నదిలోనికి దిగకుండ పైనే ఆపుట యేల ముఖ్యమో యీ గుణకారమే చెప్పుచున్నది.

నీరు కొంచెమై పొలము విస్తారమగుట తరువాతి దోషము. ఇక్కడ ఒక చమత్కారమైన ప్రశ్న కలదు. జలాశయమున పట్టునది 105 టి.ఎం.సి.లు, 1976 నాటి బచావత్ ట్రిబ్యునలు తీర్పు ప్రకారము, ఆవిరియగు దానితో గూడ, వాడుకకు లెక్కించినది 230. ఉన్నదానికి రెండింతలెట్లు పంచిరి? ఇంటి కాగును చూచినచో తెలియును. ఒక వైపు కడవలతో నీరు పోయుచు, మఱియొక వైపు చెంబులతో తీసికొన్నచో, దినమందు వాడిన నీరు కాగు పరిమాణమును మించును. వానకాలమున నది పాఱుచుండగనే కాలువలును పాఱును. జలాశయము నిండుచు తఱుగుచు నుండును. కాని నది యాగినప్పుడు కాగులోనిదే మిగులును. అందుచేతనే పూడిక వేసవి పైరును ముందుగ కొట్టును.

కాలువ వంకరలకు గల కారణమును ఇక్కడనే చెప్పవలెను. నీరు తన బరువుచేతనే నడచును. దానికి వాలు ఎక్కువైన గట్టు కోసికొనును, తక్కువైన ఒండ్రు పడును. కావున కాలువ త్రవ్వువారు తిన్నని దారిని గాక, కొంచెము కొంచెముగ మట్టము తగ్గు దారిని వెదకుచు గుట్టల నడుము చుట్టి పోవుదురు. విజయనగర రాజుల నాటి తుర్తు కాలువ హంపి గుట్టల నడుమ నట్లే పోవుచున్నది. దిగువ మట్టపు కాలువ బళ్లారి సీమలో సుమారు 250 కిలోమీటర్లు తిరిగి ఆంధ్రములో ప్రవేశించి ఆదోని, ఆలూరు ప్రాంతములకు పోవును. ఎగువ మట్టపు కాలువ సుమారు 105 కిలోమీటర్ల పిమ్మట ఎల్ల దాటి, కృష్ణా పరీవాహమును విడిచి పెన్నేటి సీమయగు అనంతపురమునకు నీరందించును.

ఇంత దూరము పోవు కాలువకు చివరి రైతు ఎప్పుడును బలహీనుడే. ఈ పథకమున అధికభాగము జొన్న, ప్రత్తి వంటి ఆరుతడి పైరులకని తలంచిరి. కోస్తా జిల్లాల నుండి వచ్చి భూములు కొని, క్యాంపులు వేసికొని స్థిరపడిన మన తెలుగు రైతులు వరి సాగును విస్తరింపజేసిరి. స్థానికులును ఆ దారి పట్టిరి. సిరుగుప్ప, గంగావతి బియ్యమునకు పేరు వచ్చినది. ఆ పేరు వెనుక తలకట్టున మిగిలిన వరిమడియు, చివర నెండిన చేనును గలవు. ఆ చివరి చేను పలుచోట్ల ఆదోని, ఆలూరు తాలూకాలలోని మన బంధువులదే. కర్ణాటక, ఆంధ్ర తగవుగ వినబడు దానిలో తలకట్టు, తోక తగవు ఎంత గలదో ఈ కుటుంబములే సాక్షులు.

పొలము కొంచెమై నీరు విస్తారమగు దోషము వఱదకు సంబంధించినది. అందుకొఱకే 33 తలుపులు పెట్టిరి. ఒక్కొక్కటి అఱువది యడుగుల వెడల్పు, ఇరువది యడుగుల ఎత్తు. అన్నియు ఎత్తిన ఆఱున్నర లక్షల క్యూసెక్కులు దిగువకు పోవునట్లు లెక్క వేసిరి. నీరు తలుపు అంచు వఱకు నిండినప్పుడు ఒక్కొక్క తలుపుపై సుమారు 340 టన్నుల ఒత్తిడి పడును. అట్టి దానిని ఎత్తుట యెట్లు? మన ఏతమును చూడుడు. బొక్కెన కెదురుగ మనిషి నడచుటచేత నీరు తేలికగ లేచును. కపిల బావిలో ఎద్దులను పల్లమునకు తోలుటచేత వాని బరువును లాగుటకు తోడగును. ఇక్కడను తలుపును గొలుసులకు వ్రేలాడదీసి, రెండవ వైపున ఎదురు బరువు నుంచిరి. మోటారు మోయవలసినది తక్కిన భేదమును, రాపిడిని మాత్రమే. కాని గొలుసులో ఎన్ని కడియములున్నను బరువు ప్రతి కడియమును ఒకే తీరున లాగును. ఒకటి తెగిన చాలును.

అదియే జరిగినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి, జలాశయము నిండియుండగా 19వ తలుపు గొలుసు తెగి, తలుపు కొట్టుకొనిపోయెను. మరునాడు వీధిలోని ప్రతివాడును అడిగినది ఒక్కటే: ఆ తలుపు పోయినచో దాని స్థానమున వేయుటకు మఱియొకటి సిద్ధముగ లేదా? ఈ సామాన్య ప్రశ్నయే ఇంజనీర్లకును ముఖ్యమైన ప్రశ్న. తరువాతి కాలపు ఆనకట్టలకు అడ్డుపలకలు దింపు ఏర్పాటు పెట్టుట అలవాటైనది. ఈ పాత కట్టడమునకు అట్టి ఏర్పాటు లేదు. ఒత్తిడి తగ్గించుటకు తక్కిన తలుపులను గూడ ఎత్తి, నిలువ చేసిన నీటిని నదిలోనికి విడువవలసి వచ్చెను. తలుపుల పనిలో నిపుణుడుగ పేరొందిన కన్నయ్య నాయుడు గారి మార్గదర్శకత్వమున పనివారు పాఱుచున్న నీటిలోనే ఉక్కు పలకలను ఒకదానిపై నొకటి దింపి ఆగస్టు 16, 17 తేదీలలో ఆ కంతను మూసిరి. ఆ యేట వానలు మరల కురిసి జలాశయమును చాలమట్టుకు నింపినవి. పిదప వచ్చిన నిపుణుల సంఘము 33 తలుపులను మార్చవలెనని చెప్పినది.

మిగిలినది పొలిమేర దోషము. శాసనకారుడు దానిని చవుడుతోను కాఱుటతోను సరిసమానముగ నెంచుటలో అనుభవము కలదు. ఇరువురి సొమ్మైన చెరువునకు మరమ్మతు ఎవరిదను ప్రశ్న వచ్చును. తుంగభద్రకు ఈ దోషము పుట్టుకతోనే కలదు. 1956లో రెండవ గట్టు గూడ మైసూరులో చేరినను నీటి పాలు రెండు రాష్ట్రములదిగ నిలిచెను. 2014 నుండి తెలంగాణము మూడవదైనది. 2021లో హొసపేట క్రొత్త విజయనగర జిల్లాలోనికి పోగా ఆనకట్ట బళ్లారి జిల్లాలోనే లేదు. ఎల్లలు ఎన్నిమార్లు మాఱినను నీరు మట్టమును చూచియే పోవును. దీనికి విరుగుడుగ 1953లో తుంగభద్ర బోర్డును ఏర్పఱచిరి. కేంద్రము నియమించు అధ్యక్షుడును, రాష్ట్రముల ప్రతినిధులును కలిసి ఉమ్మడి పనులను, నీటి పంపకమును చూచుచుందురు. పోరుమామిళ్ల పట్టికలోని దోషమునకు మన కాలము వెదకిన పరిహారమిది. డెబ్బది యేండ్లకు పైగా అది నిలిచియున్నది. కాని ఉమ్మడి సంస్థ నిలుచుటకు ఉమ్మడి జాగరూకతయు వలయును.

ఈ విషయమున మనబోటి కుటుంబములకు ఒక ప్రత్యేకమైన పని కలదు. మనము కన్నడమున పత్రికలు చదువుదుము, తెలుగున బంధువులతో మాటలాడుదుము. తలకట్టు రైతు మాటయు, తోక రైతు మాటయు మనకు అనువాదము లేకయే తెలియును. ఆనకట్టను చూడబోయినప్పుడు నీటి తుంపరలను, దీపాలంకరణములను చూచి సంతోషించుట మంచిదే. దానితోపాటు పిల్లలు గొలుసును ఎన్నేండ్ల కొకమాఱు పరీక్షింతురని, ఈ యేడు పూడిక యెంతని, చివరి తూమునకు నీరెప్పుడు చేరినదని అడుగునట్లు చేయవలెను. అడిగినవారు ఏ భాషవారని కాలువ చూడదు. సమాధానము చెప్పువారు గూడ చూడకుండునట్లు మనము రెండు భాషలలోను అడుగుచుండవలెను.